ఎనిమిది వందల బేరం

వంటింట్లోకి చిన్న మిషన్ ఒకటి కొనాలంటే మనవాళ్ళు ఎంతమందిని అడుగుతారో! దుకాణంవాణ్ణి అడుగుతారు, తోడికోడలిని అడుగుతారు, డల్లాస్‌లో ఉన్న కూతురికి ఫోటోలు పంపి మరీ అడుగుతారు. రాత్రిళ్ళు ఫోన్‌లో వీడియోలు చూస్తారు. రోజూ ఆ మిషన్‌తో పనిచేయబోయే మనిషి అదే ఇంట్లో, సింకు దగ్గరే నిలబడి ఉంటుంది. ఆమెను మాత్రం అడగరు. మా ఎదురు ఫ్లాటు వదిన అడిగింది. అలా అడిగిన ఇల్లాలిని నేను అంతకుముందు చూడలేదు.

మాది దిల్‌సుఖ్‌నగర్. మా అపార్ట్‌మెంట్‌లో ఆరిళ్ళలో పనిచేసే ఆమెను చిన్నా పెద్దా అందరూ అక్క అనే పిలుస్తారు. ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. నల్లగొండ వైపు పల్లె వాళ్ళది. భర్త సెంట్రింగ్ పనికి పోతాడు, పాప ఐదో తరగతి చదువుతోంది. వదిన ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి తుడిచినందుకు నెలకు 2,500. రెండేళ్ళ కిందట వదినకు భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు, బరువెత్తలేదు. అప్పటినుంచి పిండి రుబ్బే పని కూడా అక్కకే వచ్చింది. దానికి వేరుగా 800.

పిండి అంటే ఏదో గిన్నెడు పిండి కాదు. ఆ ఇంట్లో ఐదుగురు. పొద్దున ఇడ్లీయో దోసెయో పడాల్సిందే. వారానికి మూడు సాయంత్రాలు అక్క మిక్సీ ముందు గంటసేపు నిలబడేది. మిక్సీని తిరగేసి చూస్తే అడుగున రేకు మీద రాసే ఉంటుంది: ఐదు నిమిషాలు తిప్పాలి, రెండు నిమిషాలు ఆపాలి, మొత్తం కలిపి అరగంట. ఆ రేకు చదివిన ఇళ్ళు తక్కువ. అక్కకు చదువు రాదు గానీ ఆ లెక్క ఆమె చేతికి తెలుసు. నానిన మినప్పప్పు జారులో సగానికి మించకుండా వేసేది, ఫ్రిజ్‌లోని చన్నీళ్ళు కొద్దికొద్దిగా పోసేది, కాసేపు తిప్పి ఆపేది, జారు బయట అరచెయ్యి ఆనించి వేడి చూసేది. తొందరపడితే మోటారు ఆగిపోతుంది. అప్పుడు మిక్సీని పక్కకు వంచి అడుగునున్న ఎర్ర మీట నొక్కాలి. ఇంత చేసినా మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పును తరుగుతుందే తప్ప నలపదు. పిండి వెచ్చబడిపోతుంది. ఇక చలికాలం వచ్చిందంటే ఆ పిండి పొంగదు. ఇడ్లీ పళ్ళెంలో ఎంత వేస్తే అంతే ఉంటుంది.

"ఇక లాభం లేదు, గ్రైండర్ కొందాం" అంది వదిన, సంక్రాంతి వెళ్ళిన వారం. నాలుగు వేలు దాటకూడదని అన్నయ్యగారి షరతు.

రాతి గ్రైండర్ చేసేది మన రుబ్బురోలు చేసిన పనే. రుబ్బురోట్లో రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. గ్రైండర్‌లో గిన్నె తిరుగుతుంది, రాళ్ళు ఉన్నచోటే దొర్లుతాయి. ఇలాంటిది మొదట 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి తయారుచేశారు. ఆ ఊరి గ్రైండర్లకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గట్టు మీద పెట్టుకునే రెండు లీటర్ల రకానికి మామూలుగా 150 వాట్ల మోటారు ఉంటుంది. మిక్సీది 750. అంటే గ్రైండర్ అరగంట తిరిగినా యూనిట్లో పదమూడో వంతు మించి కాలదు. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పిండి చల్లగా ఉంటుంది, గాలి పట్టి గుల్లబారుతుంది. అందుకే ఎన్ని మిక్సీలు వచ్చినా ఇడ్లీ బండివాళ్ళు రాతి గ్రైండర్‌ను వదలలేదు.

మొదట మెయిన్ రోడ్డు మీది పెద్ద షోరూమ్‌కు వెళ్ళాం. డబ్బా మీద 7,490 అని ఉంది. "మీకు 5,200కు ఇస్తాం మేడమ్" అన్నాడు అక్కడి అబ్బాయి. కొబ్బరి కోరేదీ చపాతీ పిండి కలిపేదీ కూడా అందులోనే వస్తాయన్నాడు, నెలవారీ వాయిదాలన్నాడు. రాయి గురించి అడిగితే మాత్రం "మంచి రాయే మేడమ్" అని ఊరుకున్నాడు. ఆ రాత్రి వదిన ఫోన్‌లో వెతికింది. అదే సైజుది 4,399. కింద ఒకరు నెలకే బెల్టు తెగిందని రాస్తే, ఇంకొకరు ఐదేళ్ళుగా నిక్షేపంగా తిరుగుతోందని రాశారు. రెండూ ఒకే మిషన్ గురించి.

మర్నాడు వదిన వంటింటి గుమ్మంలో నిలబడి ఫోన్ నాకు చూపిస్తోంది. అక్క అంట్లు తోముతోంది. వదిన ఉన్నట్టుండి అటు తిరిగింది.

"అక్కా, నువ్వు ఇన్నిళ్ళల్లో చేస్తావు కదా. ఏది బాగుంటుందంటావు?"

అక్క కుళాయి కట్టేసింది. చేతులు కొంగుకు తుడుచుకుని, అడిగింది తననేనా అన్నట్టు ఒకసారి నా వైపు, ఒకసారి వదిన వైపు చూసింది. ఆ తర్వాత ఆపకుండా చెప్పింది.

"రెండో అంతస్తుల మూడు రాళ్ళది ఉన్నదమ్మా. పిండి జల్దిన అయితది గని రాళ్ళ సందుల ఇరుక్కుంటది, కడగనీకె పావుగంట పడ్తది. రెండు రాళ్ళదే మంచిది. నూట నాలుగోళ్ళది గిన్నె ఊడి రాదు, పిండి తియ్యాలంటే మిషన్ మొత్తం వంచాలె. మీ భుజంతోని గది అస్సలు కాదు. ఐదో అంతస్తోళ్ళది బెల్టు జారుతది. కొత్త బెల్టు ఏద్దమంటే ఆ కంపెనీది ఈడ దొరకతలేదు. కొనకముందే బెల్టు ఏడ దొరుకుతదో అడగాలె. కొబ్బరి కోరేది, పిండి కలిపేది ఇస్తరు గద, గవి ఏ ఇంట్ల చూసినా అటక మీదనే ఉంటయి. గవి లేనిదే తీస్కోండ్రి, పైసలు తగ్గుతయి."

నేను అట్లాగే నిలబడిపోయాను. రెండు రోజులుగా మేం వెతికినదాంట్లో లేని విషయాలివి. ఏది ఎక్కడ పాడవుతుందో, ఏది కడగడానికి లొంగదో, ఏ వయసువాళ్ళ చేతికి ఏది బరువవుతుందో, అన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. ఆరిళ్ళల్లో ఆరు రకాల మిషన్లకు అలవాటుపడిన మనిషి. కంపెనీలవాళ్ళు కూడా ఇలాంటివాళ్ళను కూర్చోబెట్టి అడగాలి. గిన్నె ఊడని గ్రైండర్ చేసినవాడు దాన్ని ఒక్కసారైనా కడిగి ఉండడు.

"బేగంబజార్ పోదాం. మా చెల్లె పెండ్లి సామాను ఆడనే కొన్నం" అంది అక్క. ఆ ఒక్క రోజుకు మిగతా ఇళ్ళల్లో మధ్యాహ్నం పని పొద్దున్నే ముగించుకుని వచ్చింది.

బస్సులోనే వెళ్ళాం. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చినప్పటినుంచి ఆడవాళ్ళకు జీరో టికెట్ కదా. అక్క ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి జాకెట్లో దాచుకుంటుంది. మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటి కోఠీలో దిగాం. ట్రూప్‌బజార్‌లో ఒకటి రెండు దుకాణాలు చూశాం గానీ అక్కడ ఎక్కువ ఉన్నవి వైర్లు, స్విచ్చులు, కుళాయిలు. పుత్లిబౌలి మీదుగా బేగంబజార్‌లోకి నడిచాం.

బేగంబజార్ చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. స్టీలు గిన్నెలు కిలోల లెక్కన తూచి ఇస్తారు. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు గుమ్మాల దాకా పేర్చి ఉంటాయి. ఆ సందుల్లో తోపుడు బండికీ మనిషికీ మధ్య చీర కొంగు పట్టేంత చోటే ఉంటుంది. పెళ్ళి సారె కొనడానికి వచ్చిన పల్లెటూరివాళ్ళు, హోటల్ సామాను కొనేవాళ్ళు, మనలాంటి చిల్లర బేరంవాళ్ళు అందరూ ఒకే గుంపు. అక్క ముందు నడిచింది, మేం వెనక.

మూడో దుకాణంలో అక్క ఆగింది. రెండు లీటర్లది, రెండు రాళ్ళది, గిన్నె ఊడి వచ్చేది, అదనపు తొడుగులేమీ లేనిది. 4,600 అన్నాడు సేటు. అక్క ధర సంగతి ఎత్తలేదు. "డబ్బా ఇప్పు" అంది.

రాళ్ళు చేతిలోకి తీసుకుని, బొటనవేలు తడిచేసుకుని ఒక్కో రాయి చుట్టూ నెమ్మదిగా తిప్పింది. మొదటి డబ్బాలో ఒక రాయికి అంచు దగ్గర చిన్న గుంట తగిలింది. కంటికి కనబడలేదు, వేలికి తగిలింది. నా వేలు పెట్టి చూపించింది. "గీడ పిండి చేరుతది. కడిగినా పోదు, రెండో దినం పులుసు వాసనొస్తది. ఇంకో డబ్బా తియ్యి." రెండో డబ్బాలో రాళ్ళు నున్నగా ఉన్నాయి. రాళ్ళతో సహా గిన్నెను ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. "ఇది మోయొచ్చు" అంది. ప్లగ్గు పెట్టి తిప్పి చూపిస్తానన్నాడు కుర్రాడు. "ఆగు, ఉత్తగ తిప్పకు, రాయి రాయి రాస్తది" అని తన సీసాలో నీళ్ళు గిన్నెలో పోసి, అప్పుడు వెయ్యమంది. మిషన్ పక్కన చెవి పెట్టి విన్నది. బెల్టు ఎక్కడ దొరుకుతుందో అడిగింది. నాలుగు దుకాణాల అవతల దొరుకుతుందంటే కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి కళ్ళతో చూసి వచ్చింది.

అప్పుడు మొదలైంది బేరం. వదిన ఫోన్ తీసి 4,399 చూపించింది. "దాంట్లో రాయి పగిలి వస్తే ఎవరితో కొట్లాడతారమ్మా?" అన్నాడు సేటు. అక్క ఆ మాటకు అడ్డం పడలేదు. "గందుకే నీ తాన్కి వచ్చినం. మూడున్నర ఇస్తం" అంది. సేటు నవ్వాడు. కాసేపు అటూ ఇటూ అయ్యాక కొత్త మాట తెచ్చాడు: బిల్లు లేకుండా అయితే 3,700, బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుంది, 4,200.

వదిన తటపటాయించింది. అయిదు వందలు తేడా అంటే ఎవరికైనా మనసు లాగుతుంది. డబ్బా మీది గరిష్ఠ ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయని దాని మీదే అచ్చయి ఉంటుంది. బిల్లు అడిగినందుకు పైన పన్ను వెయ్యడమన్నది లేదు. నేను ఆ మాట చెప్పేలోపే అక్క అందుకుంది. "బిల్లు లేకుంటే గ్యారంటీ కాయితం దేనికి పనికొస్తది సేటూ? రేపు మోటర్ కాలితే నువ్వు నన్ను గుర్తుపడ్తవా? బిల్లు రాయి, మూడు వేల ఎనిమిది వందలు తీస్కో. మా అపార్ట్‌మెంట్ల ఇరవై ఇండ్లున్నయి. ఇది మంచిగ తిరిగితే ఇంకో ఇద్దర్ని నేనే తోల్కొస్త."

సేటు ఒకసారి వదినను చూశాడు, ఒకసారి అక్కను చూశాడు. బిల్లు పుస్తకం తీశాడు. 3,800. మొదట చెప్పిన ధర మీద ఎనిమిది వందలు తగ్గింది. గ్యారంటీ కాగితం మీద తేదీ, దుకాణం ముద్ర పడేదాకా అక్క అక్కణ్ణుంచి కదల్లేదు.

హమాలీకి యాభై ఎందుకని డబ్బా తానే నెత్తిన పెట్టుకుని ఆటో దాకా తెచ్చింది. దారిలో ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది.

"ఇగ పప్పేసి స్విచ్చేస్తే దాని పని అది చేస్కుంటది. ఆ అరగంటల నా అంట్లు అయిపోతయి. గంట ముందు ఇంటికి పోత. మా పిల్ల బడికెళ్లి వచ్చే యాళ్ళకు తాళం తియ్యనీకె నేను ఉంట" అంది.

పాప ఇన్నాళ్ళూ తాళం వేసిన గుమ్మం ముందు సంచీ పెట్టుకుని కూర్చుంటోందన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది.

కొత్త రాళ్ళలో సన్నటి దుమ్ము ఉంటుంది, మొదటి పిండి తినకూడదు. అక్క తవుడు తెచ్చి నీళ్ళతో కలిపి అరగంట తిప్పి పారబోసింది. నానిన బియ్యం గుప్పెడు వేసి మళ్ళీ తిప్పి, అదీ పారబోసింది. గిన్నెలో నీళ్ళు తేటగా నిలిచాకే మినప్పప్పు వేసింది. పప్పు మొత్తం ఒకేసారి గుమ్మరించకుండా మిషన్ తిరుగుతుండగా గుప్పెడు గుప్పెడు వెయ్యాలని, నీళ్ళు చిలకరించినట్టు పొయ్యాలని, గిన్నె అంచుకు అంటుకున్న పప్పును గరిటెతో లోపలికి తొయ్యాలని వదినకు చెప్పింది. వదిన శ్రద్ధగా నేర్చుకుంది. పిండి తీసి చిన్న ముద్ద నీళ్ళ గిన్నెలో వేస్తే మునగకుండా తేలింది. మర్నాడు ఇడ్లీలు మా ఇంటికీ వచ్చాయి. అంత మెత్తటి ఇడ్లీ ఆ ఇంటి నుంచి రావడం అదే మొదలు.

ఒకటో తారీఖు వెళ్ళాక వదిన దోసెల పిండి గిన్నెతో మా ఇంటికి వచ్చి కూర్చుంది.

"ఎంత మంచి పని చేశామో చూడు. గ్రైండర్‌కు 3,800 అయింది కదా. నెలకు ఎనిమిది వందలు మిగులుతోంది. ఐదు నెలలు తిరిగేసరికి ఊరికే వచ్చినట్టే."

"ఏ ఎనిమిది వందలు వదినా?"

"రుబ్బినందుకు అక్కకు ఇచ్చేది. ఇప్పుడు రుబ్బేది మిషనే కదా. పప్పేసి స్విచ్చి వెయ్యడానికి మనిషెందుకు, నేనే వేసుకుంటున్నాను. ఈ నెల నుంచి ఆ డబ్బు ఆపేశాను."

"అక్క ఏమంది?"

"ఏమంటుంది? గంట ముందు ఇంటికి పోవాలని తనే అనుకుంది కదా. మొన్నటిదాకా వెళ్ళింది కూడా. ఇప్పుడు ఆ గంటలో మూడో అంతస్తులో కొత్తగా ఒక ఇల్లు ఒప్పుకుందట."

"మరి రుబ్బాక గ్రైండర్ కడిగేది నువ్వేనా? బరువెత్తకూడదు కదా."

"నా భుజంతో నేనెక్కడ కడుగుతాను!" అంది వదిన. "గిన్నె, రాళ్ళు అంట్లలో వేసేస్తున్నాను."

అంట్లకు, ఊడ్చి తుడిచినందుకు నెలకు 2,500. అందులో మార్పేమీ లేదు.